బడి డబ్బాలో ఇంటి ముద్ద: చిన్నపిల్లల ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరేళ్ల లోపు పిల్లల గురించే. ప్లేస్కూలైనా, అంగన్‌వాడీ అయినా, ఎల్‌కేజీ అయినా, పిల్లలు బడి గడప తొక్కగానే ఇంటి తిండి, ఇంటి మాట, ఇంటి ఆట బయటే ఆగిపోవాలా అని చాలామంది అడిగారు. ఆగిపోకూడదన్నదే మా మాట. కాకపోతే ఏ వయసుకు, ఎంత, ఎలా అన్న లెక్క తప్పితే మంచి అలవాటు కూడా చెరుపు చేస్తుంది. అందుకే కొలతలతో సహా రాస్తున్నాం.

ప్రశ్న: మాది చిన్న ప్లేస్కూలు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 20 మంది. పదిన్నరకు డబ్బాలు తెరిస్తే బిస్కెట్లు, చిప్స్, బ్రెడ్డు జామే ఎక్కువ. జొన్నరొట్టె తెచ్చుకునే ఒక పాప మూత తీయడానికే సిగ్గుపడుతోంది. మేమే మన తిండి వండి పెడదామనుకుంటున్నాం. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?
— నిర్వాహకురాలు, ఉప్పల్

జవాబు: ముందు ఆ పాప సంగతి. ఒక వారం పాటు టీచర్లు పిల్లల మధ్య కూర్చుని అదే జొన్నరొట్టె తినండి. సగం సిగ్గు అక్కడే పోతుంది. "ఇది మంచి తిండి, అది చెత్త" అని మాత్రం పిల్లల ముందు అనకండి. అలా అంటే బిస్కెట్లు తెచ్చిన పిల్లవాడు రేపటి నుంచి డబ్బా దాచుకుంటాడు. తల్లిదండ్రులకు పెద్ద పెద్ద సర్క్యులర్లు కూడా అక్కర్లేదు. "ఇంట్లో పెద్దలు పొద్దున తిన్నదే డబ్బాలో పెట్టండి" అని ఒక్క వాక్యం పంపితే చాలు.

పదిన్నరకు పెట్టేది భోజనం కాదు. పన్నెండున్నరకు అన్నం తినాలంటే ఇప్పుడు కడుపు సగమే నిండాలి. తలకు 150 నుంచి 200 కాలరీల దగ్గర ఆపండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం, 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. బ్రెడ్డు జాముతో ఈ రెండూ అందవు. తైదలు (రాగులు), నువ్వులు, బొబ్బర్లు, గుడ్డు, ఆకుకూరలు ఉన్న ఇంట్లో అందుతాయి.

వారంలో రెండు రోజులు తైద జావ పెట్టండి. 100 గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మొలకెత్తించిన పిండి వాడితే ఇంకో లాభం ఉంది. మామూలు పిండి ఉడికితే జిగురుగా గట్టిపడుతుంది, పిల్లలు రెండు గుక్కలు తాగి ఆపేస్తారు. మొలకల పిండి ఉడికినా పలచగానే ఉంటుంది కాబట్టి అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది, ఎక్కువ బలం వెళుతుంది. మొలకల వల్ల ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు కూడా తగ్గుతాయి.

కిలో తైదలను రాళ్లు లేకుండా కడిగి 10–12 గంటలు నానబెట్టండి. నీళ్లు వంచేసి తడిగుడ్డలో వదులుగా మూటకట్టి 24 నుంచి 36 గంటలు ఉంచితే చిన్న తెల్లటి మొలక కనబడుతుంది. అంతకంటే పొడుగు పెరగనివ్వకండి, పిండి చేదెక్కుతుంది. పలచగా పరిచి గలగలమనే దాకా ఎండబెట్టి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పట్టించండి. గాలి చొరని డబ్బాలో నెల రోజులు నిలవుంటుంది. వానాకాలంలోనే చిక్కంతా. జులై, ఆగస్టుల్లో ఎండ లేక గింజ లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. ఆ నెలల్లో ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టండి, లేదా మొలకలు మానేసి మామూలుగా వేయించిన పిండి వాడండి. నల్లటి, పచ్చటి చుక్కలు కనబడినా, ముక్కవాసన వచ్చినా మొత్తం పారేయండి. పైన తీసేసి కింది పిండి వాడటం వద్దు.

20 మందికి 400 గ్రాముల పిండి, మూడు లీటర్ల నీళ్లు, లీటరున్నర పాలు, 150 గ్రాముల బెల్లం సరిపోతాయి. పిండిని ముందుగా లీటరు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న మిగతా రెండు లీటర్లలో పోసి, ఎనిమిది నిమిషాలు ఆపకుండా గరిటె తిప్పండి. పొడి పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండకడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. పచ్చి పిండి తిన్న పిల్లలకు మధ్యాహ్నానికి కడుపు ఉబ్బుతుంది. దించాక బెల్లం, కాచిన పాలు కలపండి. ఎండలు ముదిరాక పాలకు బదులు సల్ల (మజ్జిగ) పోసి చిటికెడు ఉప్పు వేయవచ్చు. అప్పుడు బెల్లం వద్దు, జావ పూర్తిగా చల్లారాకే సల్ల కలపండి, వేడిలో పోస్తే విరిగిపోతుంది. తలకు 200 మిల్లీలీటర్లు, స్టీలు గ్లాసులో.

రెండు రోజులు గుడాలు (ఉడికించిన గింజలు) పెట్టండి. తలకు 25 గ్రాముల బొబ్బర్లు లేదా పెసలు. ఆరు నుంచి ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. నలగకపోతే ఇంకో విజిల్ రానివ్వాల్సిందే. పోపులో ఎండుమిరప ముక్కలు వద్దు, ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయ చాలు. నిమ్మకాయ మాత్రం తప్పకుండా పిండండి, అదీ పొయ్యి ఆర్పేసి కాస్త చల్లారాక. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది, వేడికి అది పోతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు గుడాలను గరిటెతో మెదిపి పెట్టండి. శనగలైతే అయిదేళ్ల దాకా మెదపడమే మంచిది.

అయిదో రోజు ఉడికించిన గుడ్డు. 12 నిమిషాలు ఉడకనిచ్చి నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి, పక్కనే నీళ్లు ఉంచండి. పొడిగా ఉండే పచ్చసొన చిన్న గొంతుల్లో అడ్డం పడుతుంది. గుడ్డు తినని ఇళ్ల పిల్లలకు అదే పళ్లెంలో నువ్వుల ఉండ, అరటిపండు పెట్టండి. వాళ్లను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టకండి. నువ్వుల ఉండలకు 100 గ్రాముల నువ్వులకు 70 గ్రాముల బెల్లం. పొట్టు తీసిన తెల్ల నువ్వుల కంటే పొట్టుతో ఉన్న వాటిలోనే కాల్షియం ఎక్కువ. దంచి, చేతికి మెత్తగా తగిలేలా చుట్టండి. గట్టి పాకం పట్టి పట్టీలు చేస్తే అవి పళ్లకు అంటుకుపోయి పుచ్చుకు దారి తీస్తాయి.

పల్లీలు ఏ రూపంలోనైనా పొడి కొట్టే వాడండి. నాలుగైదేళ్ల లోపు పిల్లలు గింజ గింజగా తింటూ నవ్వినా, పరుగెత్తినా అది శ్వాసనాళంలోకి పోతుంది. చేర్చుకునేటప్పుడే పల్లీ, గుడ్డు, పాలు, నువ్వులు పడని పిల్లలెవరో రాయించుకుని వంటగది గోడకు అంటించండి. సీతాఫలం కాలంలో గింజలు మీరే తీసి గుజ్జు మాత్రమే పెట్టండి, ఆ గింజలు విషం.

ప్రశ్న: మా మనుమడికి నాలుగేళ్లు. ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని బడివాళ్లు చెప్పిన్రు. పొద్దున ఎనిమిదింటికి పోయినోడు ఒంటిగంటకు ఇంటికొచ్చేదాకా మూత్రానికి పోతలేడు. ఇంటికి రాంగనే ఉరుకుతడు. రెండుసార్లు లాగు తడుపుకున్నడని టీచరమ్మ ఫిర్యాదు చేసింది. నాలుగు రోజులకోసారి గాని దొడ్డికి పోడు.
— ఒక నానమ్మ, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీ మనుమడికి క్రమశిక్షణ లేక ఇలా జరగడం లేదు. అడగడానికి అతనికి మాట లేక జరుగుతోంది. ఇంట్లో "సుస్సు" అని అలవాటైన పిల్లవాడు "మే ఐ గో టు ది వాష్‌రూమ్" అనే ఆరు ముక్కల వాక్యం కూడదీసుకునేలోగా ఆపుకోవడమే తేలికనుకుంటాడు. అతని మూత్రాశయంలో పట్టేది సుమారు 180 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసెడు. రెండు మూడు గంటలకోసారి పోవాల్సిన వయసు. అయిదు గంటలు బిగబట్టే అలవాటు పడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆపుకోవడం కోసం నీళ్లు తాగడం తగ్గిస్తాడు, దాంతో మలం గట్టిపడుతుంది. గట్టిపడ్డ మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందుకే చెప్పకుండా లాగు తడుస్తుంది. ఈ మూడింటికీ ముడి ఒక్కటే.

బడికి ఒక చిన్న కాగితం రాసివ్వండి. మీ ఇంట్లో మూత్రానికి ఏమంటారు, దొడ్డికి ఏమంటారు, కడుపునొప్పికి, దాహానికి, భయానికి ఏమంటాడు, ఈ అయిదు మాటలు చాలు. హైదరాబాద్‌లో ఒకే తరగతిలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ పిల్లలుంటారు కాబట్టి ఈ జాబితా ప్రతి పిల్లవాడికీ ఉండాలి, టీచరు దగ్గరే కాదు, ఆయమ్మ దగ్గర కూడా. పిల్లవాడు తన భాషలో చెప్పినా, చిటికెన వేలు చూపినా వెంటనే పంపాలి. వచ్చిన గంటన్నరకు ఒకసారి, తిండికి ముందు ఒకసారి, ఇంటికి వెళ్లేముందు ఒకసారి అందరినీ వరసగా తీసుకెళితే అడగాల్సిన అవసరమే తగ్గుతుంది.

ఇంకొకటి చూడండి. మీ ఇంట్లో గొంతుకు కూర్చునే దొడ్డి ఉండి బడిలో కమోడ్ ఉందా? కాళ్లు గాలిలో వేలాడుతుంటే పిల్లలకు ముక్కడానికి పట్టు దొరకదు. పాదాల కింద 20 సెంటీమీటర్ల ఎత్తు పీట వేస్తే మోకాళ్లు పైకొచ్చి ఇంట్లో కూర్చున్నట్టే అవుతుంది. పీట బడిలో వేయమనండి. ఇంట్లో పొద్దున పాలు తాగిన పదిహేను నిమిషాలకు దొడ్డికి కూర్చోబెట్టండి, పోయినా పోకపోయినా అయిదు నిమిషాలు. జామపండు, ఆకుకూర పప్పు, రోజుకు లీటరుకు తగ్గకుండా నీళ్లు ఇవ్వండి. జలుబు దగ్గు లేకుండా జ్వరం వచ్చినా, మూత్రం మంట అన్నా, మలంలో రక్తం కనబడినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంట్లో తెలుగు మానకండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలంటోంది. నొప్పి ఎక్కడుందో చెప్పగల భాష పిల్లవాడి నోట్లోంచి తీసేస్తే వైద్యుడికి కూడా దారి మూసినట్టే.

ప్రశ్న: పొద్దున ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకోనిదే మా అయిదేళ్ల పాప బడికి కదలదు. చిన్న కప్పే. పర్వాలేదా?
— తండ్రి, మెహదీపట్నం

జవాబు: మాన్పించండి. చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. ఈ వయసులో రక్తహీనతకు చాయ్ తోడు కావడం మంచిది కాదు. ఒక్కసారిగా ఆపితే ఏడుపే కాబట్టి వారం పాటు డికాక్షన్ తగ్గిస్తూ పాలు పెంచండి. రెండో వారానికి కప్పులో యాలకుల పాలే మిగలాలి. పాలు కూడా రోజుకు అరలీటరు దాటనివ్వకండి, పాలతోనే కడుపు నిండితే అన్నం మానేస్తారు, పాలలో ఇనుము దాదాపు లేదు.

ప్రశ్న: అంగన్‌వాడీ టీచర్‌ని. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు ఇళ్లకు ఇస్తున్నాం. పాకెట్ వారంలో అయిపోయిందంటారు, పిల్లల బరువు మాత్రం పెరగదు. బస్తీలో తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, బయటి రాష్ట్రాల నుంచి పనికొచ్చిన వాళ్లు కలిసి ఉంటారు. ఎలా చెప్పాలి?
— బోరబండ

జవాబు: పాకెట్ తెరిచి పక్కన పెట్టుకుని ఒకళ్లే తినడం మన ఇళ్లలో ఎవరికీ చేతకాదు. పెద్దపిల్లలు అడిగితే తల్లి పెడుతుంది. దాన్ని తప్పుపడితే ఆ తల్లి మళ్లీ మీతో నిజం చెప్పదు. మరో దారి చూద్దాం. పాకెట్ ఇచ్చిన రోజే పిల్ల పేరు రాసిన మూత డబ్బా తెమ్మని, అందులో మీరే పోసివ్వండి. రోజుకు 100 గ్రాములు, అదీ నాలుగు సార్లుగా, ఒక్కోసారి మూడు చెంచాలు నిండుగా. కొలత చెంచా ఇంట్లో వాడేదే అయితే గుర్తుంటుంది. ఒకేసారి వంద గ్రాములు కలిపితే పిల్ల సగం తిని వదిలేస్తుంది, మిగిలింది ఎవరో ఒకరు తింటారు. మీకు వినబడే "వారంలో అయిపోయింది" వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో చేసిన పిండి కాబట్టి మళ్లీ చక్కెర వేయకూడదు. మరిగించి చల్లార్చిన నీళ్లు లేదా పాలు పోసి, చెంచా వంచితే జారకుండా నిలిచేంత చిక్కగా కలపాలి. సీసాలో పోసేంత పలచన చేస్తే నీళ్లతోనే కడుపు నిండుతుంది.

రుచి మొహం మొత్తకుండా తల్లులతోనే వండించండి. మలీద అందుకు బాగా పనికొస్తుంది. బతుకమ్మకు చేసే మలీద ముద్దా, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో నియాజ్‌కు చేసే మలీదా ఒకే చెయ్యి తిప్పినవి. మెత్తటి రొట్టె నలిపి, బాలామృతం, అర చెంచా నెయ్యి వేసి ముద్ద చేస్తే ఏడాది దాటిన పిల్లలు ఇష్టంగా తింటారు. ఒక నెల ఒక తల్లి, మరుసటి నెల ఇంకో తల్లి చేసి చూపితే భాష అడ్డం కాదు, చేతులు చూసి నేర్చుకుంటారు.

మీ కేంద్రంలో చేసే అన్నప్రాసనను కూడా గట్టిగా వాడుకోండి. ఆరు నెలలు నిండగానే పై తిండి మొదలుపెట్టాలన్న వైద్యుల మాటకు ఇంతకంటే దగ్గరి ఆచారం లేదు. అయితే ముహూర్తం కోసం ఎనిమిదో నెల దాకా ఆగడం, పాయసం నాలుకకు తాకించి మళ్లీ నెల దాకా ఏమీ పెట్టకపోవడం, ఈ రెండు చోట్లా దెబ్బతింటున్నాం. అన్నప్రాసన రోజునే మరుసటి పొద్దున పెట్టాల్సిన మెత్తటి పప్పన్నం కొలత తల్లి చేత చెప్పించండి: రెండు మూడు చెంచాలు, రెండు పూటలు. ఏడాది లోపు తేనె నాకించవద్దని కూడా అక్కడే చెప్పండి, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు దానివల్ల వస్తుంది.

బరువు పెరగని పిల్లల ఎడమ జబ్బ మధ్యలో టేపుతో కొలవండి. 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఆ రోజే ఆసుపత్రికి పంపాల్సిన తీవ్ర లోపం. 12.5 లోపుంటే వారం వారం చూడాలి. ఏడాది దాటినవాళ్లకు నులిపురుగుల మాత్ర పడిందా అన్నది కూడా అడగండి. రెండేళ్ల లోపు సగం మాత్ర, పొడి చేసి నీళ్లతో. ఆ పైన 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ మొత్తం, మూడేళ్ల దాకా పొడి చేసి, ఆ తర్వాత నమిలించి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో రెండు గదుల్లో ప్రీస్కూల్ నడుపుతున్నాం. ఆట స్థలం లేదు. కింది ఫ్లాట్ వాళ్లు చప్పుడంటారు. పిల్లలకు కదలిక ఎలా?
— టీచరు, కూకట్‌పల్లి

జవాబు: మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నాలుగు గంటల బడి అందులో సగమైనా తీర్చాలి. మన ఆటలు చాలావరకు చాపంత చోటుతో సరిపెట్టుకునేవే.

పొద్దున రాగానే బతుకమ్మ వలయం వేయండి. మధ్యలో ఒక బుట్ట, చుట్టూ 12 మంది. ఒక అడుగు ముందుకు, నడుము వంచి చప్పట్లు, లేచి మళ్లీ చప్పట్లు, ఒక అడుగు కుడికి. పది నిమిషాలు ఆపకుండా చేయిస్తే గుండె వేగం పెరుగుతుంది, నడుము, తొడలు వంగుతాయి, లయకు అడుగు వేయడం వస్తుంది. ఉత్త కాళ్లతో చాప మీద చేస్తే కిందికి చప్పుడు పోదు. ఏ మతం పిల్లలైనా చేసేలా పాట బదులు అంకెలో, రంగుల పేర్లో అనిపించవచ్చు. పండగ రోజుల్లో నిజమైన పూలు తెప్పిస్తే తంగేడు, గునుగు, బంతి చాలు. పచ్చగన్నేరు మాత్రం గదిలోకి రానివ్వకండి. ఆ చెట్టు కాయ, గింజ, పాలు అన్నీ విషం, ఈ వయసు పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు.

తొక్కుడుబిళ్లను పార్కింగ్‌లో, కార్లు వెళ్లిపోయిన తొమ్మిదిన్నర తర్వాత ఆడించండి. గడి 30 సెంటీమీటర్లు, ఆరు గడులు. మూడేళ్ల వాళ్లు రెండు కాళ్లతో గెంతితే చాలు. నాలుగేళ్లకు ఒంటికాలిమీద రెండు మూడు గెంతులు, అయిదేళ్లకు అయిదు దాకా వస్తాయి. మూడేళ్ల పిల్లను ఒంటికాలి మీద గెంతమంటే పడుతుంది, మళ్లీ ఆటకు రానంటుంది.

ముగ్గు గురించి కాస్త ఎక్కువే చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే పెన్సిల్ పట్టించే తొందరలో బడులు దీన్ని మరిచిపోతున్నాయి. గొంతుకు కూర్చుని ముగ్గేసే పిల్లకు తొడ కండరాలు, చీలమండలు, భుజం, మూడు వేళ్ల పట్టు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. మూడు చుక్కలు మూడు వరసలు, చుక్కకూ చుక్కకూ అయిదు సెంటీమీటర్లు, ముందు సుద్దముక్కతో కలపనివ్వండి. నెల తర్వాత బియ్యప్పిండి చిటికెతో తీసి గీతపై వదలమనండి. రంగుల రంగోలి పొడులు వద్దు, అవి మెత్తటి రాతిదుమ్ము, ముక్కుల్లోకి పోతాయి. అయ్యాక తడిగుడ్డతో తుడవకపోతే పిండి మీద జారిపడతారు. అయిదు నిమిషాలు దాటి గొంతుకు కూర్చోబెట్టకండి.

వామనగుంటలు, అచ్చంగిల్లాలు నాలుగేళ్లు దాటినవాళ్లకే. చింతగింజలు ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ముక్కులో పెట్టుకున్న గింజ తడికి ఉబ్బుతుంది. పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. కదపకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: బడిలో స్పూనుతోనే తినాలంటున్నారు. మా బాబు చేత్తో తింటే కడుపు నిండా తింటాడు.
— తల్లి, సికింద్రాబాద్

జవాబు: చేత్తోనే తిననివ్వమని అడగండి. వేడి ఎంతో, ముద్ద ఎంతో, ముల్లు ఉందో లేదో వేళ్లే చెబుతాయి. ముద్ద కలపడం వేళ్లకు మంచి కసరత్తు. ఇక్కడ బడి చేయాల్సింది ఒక్కటే: నల్లా కింద సబ్బుతో 20 సెకన్లు కడిగించడం, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద. అందరికీ ఒకే బకెట్‌లో చేతులు ముంచి, ఒకే తువ్వాలుతో తుడిస్తే కడిగిన ఫలితం ఉండదు. సోమవారం సోమవారం గోళ్లు చూడాలి.

ప్రశ్న: మూడేళ్ల పాపకు మా అత్తగారు నూనె మర్దన చేసి, చెవుల్లో ముక్కులో రెండు చుక్కలు వేసి, కాటుక పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తారు. మాటలు ఆలస్యమని వస కూడా నాకిస్తున్నారు. ఏది ఉంచాలి, ఏది మానాలి? గొడవ పడకుండా ఎలా?
— మియాపూర్

జవాబు: మర్దన ఉంచండి. గోరువెచ్చటి నువ్వుల నూనె లేదా కొబ్బరినూనెతో పది పదిహేను నిమిషాలు. జ్వరం, ఒంటిమీద పొక్కులు ఉన్న రోజు వద్దు. ఆమె చేతి స్పర్శ, చేస్తూ చెప్పే మాటలు పాపకు మందుకంటే ఎక్కువ.

ముక్కులో, చెవుల్లో నూనె ఆపాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే మందులకు తొందరగా లొంగని న్యుమోనియా వస్తుంది. చెవిలో నూనె బూజుకు నెలవు. కొనే కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కంటిని రుద్దిన చెయ్యి నోట్లోకి పోతుంది, సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దిష్టి చుక్క తప్పదంటే ఇంట్లో దీపపు మసితో చేసింది చెవి వెనక చిన్నది పెట్టుకోమనండి, కంట్లో కాదు. సాంబ్రాణి పొగ వల్ల పిల్లికూతలు, దగ్గు పెరుగుతాయి. మెత్తటి తువ్వాలుతో తల తుడిచి ఆరబెడితే సరి.

వస పూర్తిగా మానాలి, అందులోని బీటా అసరోన్ విషపదార్థం. మాటల ఆలస్యానికి వస కాదు, వినికిడి పరీక్ష కావాలి. రెండేళ్లకు రెండు మాటలు కలపని పిల్లకు మూడేళ్లకు పరీక్ష చేయించడమే ఆలస్యం. ఈ వారమే వెళ్లండి. మెడలో తాయెత్తు దారం ఉంటే మొలతాడుకు మార్చండి. జారుడుబల్ల మీద మెడదారం తగులుకుంటే ఊపిరాడదు.

అత్తగారితో "ఇవన్నీ తప్పు" అనకండి. మానమన్న వాటి స్థానంలో ఆమెకు ఇంకో పని అప్పగించండి. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను, టీవీ ఆపి పాపకు కథ చెప్పే బాధ్యత ఆమెది. ఈ వయసుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, బొమ్మ చూసే తెర గంట దాటకూడదు. కథ వింటూ "ఊ" కొట్టే పిల్ల మాటలు కూడా నేర్చుకుంటుంది.

ప్రశ్న: వానలు మొదలయ్యాక మా అంగన్‌వాడీలో పిల్లలకు విరేచనాలు. ఇళ్లలో గంజి తాపుతున్నారు, కొందరు తిండి ఆపేస్తున్నారు, కొందరు దుకాణంలో రంగు డబ్బా పానీయం కొని తాగిస్తున్నారు.
— ఆయమ్మ, చింతల్

జవాబు: గంజి మంచిదే, ఉప్పు లెక్క సరిగా ఉంటే. 50 గ్రాముల బియ్యప్పిండిని లీటరుకు కాస్త ఎక్కువ నీళ్లలో కలిపి ఏడు నిమిషాలు ఉడికించి, అర టీస్పూన్ ఉప్పు, అదీ తల కొట్టి, వేయాలి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ చేయాలి. ఓఆర్‌ఎస్ పాకెట్ దొరికితే అదే మేలు. లీటరు పాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసు నీళ్లకు చిటికెడు అంటూ విడివిడిగా కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వాళ్లకు 50–100, ఆపై వాళ్లకు 100–200 మిల్లీలీటర్లు, చెంచా చెంచాగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి.

రంగు డబ్బాల్లో చక్కెర ఎక్కువ, అది విరేచనాన్ని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకుండా ఆపింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందా అని చూడండి.

తిండి ఆపకూడదు. మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ, అరటిపండు, చంటివాళ్లకు తల్లిపాలు యథాతథం. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు రోజుకొకసారి 14 రోజులు. విరేచనాలు ఆగినా జింక్ ఆపొద్దు. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, తాగలేకపోయినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం పడినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. నగరంలో పిల్లల ప్రభుత్వాసుపత్రి నీలోఫర్. తగ్గిన పిల్లను చివరి విరేచనం తర్వాత 48 గంటలు గడిచాకే కేంద్రానికి రానివ్వండి. ఆ రెండు రోజులు ఆ ఇంటికి గుడ్డు మీరే పంపండి.